ప్రైమస్ కోసం ఎత్తిన చేతులు

ఏప్రిల్ నెల వస్తే చాలు, మా ఊరి మగవాళ్ళ వయసు తగ్గిపోతుంది. అప్పట్లో మమ్మల్ని ఏలిన సముద్రం అవతలి రాజుగారి షరీఫుని, మొహాలకి మసి పూసుకుని చితకబాదిన నెల అది. అది తలుచుకుంటూ ఏటేటా నా పూటకూళ్ళ ఇంట్లో చేరి రమ్ము తాగుతారు. తాగనివ్వండి, నా వ్యాపారం నాది. కానీ వాళ్ళు చెప్పుకునే కథలో ప్రైమస్ అనేవాడు ఉండడు. అది నాకు ఒళ్ళు మంట. నా పేరు మెహితబెల్ స్వెట్. ఆ మసి నా పొయ్యి గొట్టంలోదే కాబట్టి, ఆ వ్యవహారంలో నాకు తెలియకుండా జరిగింది ఏమీ లేదు.

ప్రైమస్ మా సంఘపెద్ద ఎలిఫలెట్ థర్లో గారి బానిస. కొన్నది ఈయన కాదు, ఈయన తండ్రి. బండెడు పైను కలప పలకలు తోలుకుని పోర్ట్స్‌మత్ రేవుకి వెళ్ళి, ఓడవాడికి పలకలిచ్చి, బదులుగా ఒక పసివాణ్ణి దింపుకుని వచ్చాడు. ఏ ఊరి పిల్లవాడో, తల్లి ఏమని పిలిచేదో ఎవరూ అడగలేదు. ఆ వారం కొన్న వాళ్ళలో మొదటివాడని, ఆ అర్థమే వచ్చేటట్టు ప్రైమస్ అని పేరు పెట్టారు. రెండోవాడు ఒక దూడ. దానికి కూడా ఏదో పేరు పెట్టే ఉంటారు.

థర్లోగారి కోత మిల్లులో వాడు పెరిగాడు, మిల్లులోనే మనిషయ్యాడు. రంపం ఆగితే నిద్రలేచేవాడు, ఆడుతుంటే నిద్రపోయేవాడు. మాను కోయగా మిగిలిన పక్క చెక్కలు నా పొయ్యికి తెచ్చి వేసేది వాడే. వేసి, వెనక గడప మీద కూర్చుని, నేనిచ్చిన ఆపిల్ సారాయి గుక్కలు గుక్కలుగా తాగేవాడు. పెద్ద మాటకారి. ముక్కుతో మాట్లాడే మా పాస్టరు జెడిడయా క్రేన్ గారిని ఆ ముక్కు గొంతుతో సహా అనుకరించేవాడు. పాత తోలు టోపీ ఒకటుండేది వాడికి, థర్లోగారు పారేసింది. దాని అంచు ఎప్పుడూ చేత్తో దువ్వుకుంటూ ఉండేవాడు. ఆ టోపీ మీద ఉన్న మోజు చూసి నేను ఏడిపించేదాన్ని.

ఆ రోజుల్లో మా ఊరి బాధంతా పైను మానులతోనే. ఒక కొలతకి మించి లావెక్కిన మాను కనబడితే రాజుగారి మనిషి వచ్చి గొడ్డలితో మూడు దెబ్బలు వేసి, కాకి కాలు ఆకారంలో గుర్తు పెట్టి పోయేవాడు. ఇక ఆ మాను రాజుగారి ఓడలకి తెరచాప స్తంభం. మన నేలలో మొలిచినా, మన పిల్లల మీద కూలినా మనం ముట్టుకోకూడదు. అయినా అందరూ కొట్టేవాళ్ళు. కొట్టి, గుర్తు చెక్కేసి, మాను లావు తెలియకుండా ఇరుకు పలకలుగా కోసేసేవాళ్ళు. మా ఊళ్ళో బయటికి ఒక్క వెడల్పు పలక కనబడదు, కానీ దాచినది ప్రతి ఇంటి అటక మీదా ఉంటుంది.

అటువంటి ఊరికి క్రేన్‌గారు పాస్టరుగా వచ్చారు. కాలేజీ చదువు చదివి, సముద్రానికి అవతల పెద్ద పెద్ద బుర్రలు రాసిన పుస్తకాలన్నీ మింగి వచ్చిన మనిషి. ఆదివారం ప్రసంగంలో దేవుడి మాట సగం, ఈ పుస్తకాల మాట సగం. "ప్రకృతి అందరికీ ఉమ్మడిగా ఇచ్చినదాన్ని ఎవడు తన చెమట కలిపి మలుచుకుంటాడో అది వాడిది. ఎవడూ ఇంకొకడికి దొరగా పుట్టలేదు. ఒకడి సమ్మతి లేకుండా వాడి మీద మోపే భారం దోపిడీ" అనేవారు. మా మగవాళ్ళు ముందుకు వంగి వినేవాళ్ళు. ఇన్నాళ్ళూ దొంగతనంగా కొట్టిన మానులు ఆ ఒక్క ప్రసంగంతో న్యాయంగా కొట్టినవైపోయాయి మరి. మందిరంలో పైన, వెనక, మెట్ల పక్కన నల్లవాళ్ళ బల్ల ఒకటుండేది. దాని మీద ప్రైమస్ ఒక్కడే కూర్చుని వినేవాడు.

సోమవారం నా గడప మీద కూర్చుని ఆ ప్రసంగమంతా ముక్కుతో అప్పజెప్పాడు. చెప్పి, ఆగి అడిగాడు.

"అమ్మగారూ, 'ఎవడూ' అన్నారు కదా పాస్టరుగారు. ఆ ఎవడూలో నేనున్నానా, లేనా?"

"ఆయన్నే అడగరాదూ?"

"అడిగాను. పరలోకంలో ఉన్నావన్నారు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ మిల్లులో ఉన్నానట. రంపానికి కొవ్వు రాశావా లేదా అని అడిగారు."

నేను పడీ పడీ నవ్వాను. వాడు నవ్వలేదు. టోపీ అంచు దువ్వుకుంటూ, "చెమట కలిపిన వాడిదైతే ఆ మిల్లులో సగం నాది కావాలండీ. సగం వద్దులెండి. నన్ను నాకిచ్చేస్తే చాలు" అన్నాడు.

"ఇస్తే ఏం చేస్తావురా?"

"ఏం చేస్తాను? ఇక్కడే, ఈ గడప మీదే కూర్చుంటాను. థర్లో పెద్దయ్యగారు అటు నుంచి ఒరే ప్రైమస్ అని కేకేస్తారు. నేను లేవను. ఉండండి, వస్తా అంటాను. సారాయి అంతా తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు లేస్తాను."

"అంతేనా?"

"అంతకన్నా ఏం కావాలండీ?"

వాడికి అంతకన్నా ఏమీ అక్కరలేదు. అది ఇవ్వడానికి ఈ ఊరికి చేతులు రాలేదు.

ఆ ఏడు మంచు కరిగే వేళకి షరీఫు హాలోవెల్ వచ్చాడు. థర్లోగారి మిల్లు వాకిట్లో కొలతకి మించిన దుంగలు దొరికాయి. వాటి మీద గుర్తు వేయించి, జరిమానా కట్టు లేదా జైలుకి పద అన్నాడు. థర్లోగారు పొద్దున్నే జామీను తెస్తానని మర్యాదగా చెప్పి పంపారు. షరీఫు వచ్చి నా మేడగదిలో పడుకున్నాడు. పంది మాంసం వేసి వండిన చిక్కుడు గింజలు రెండు పళ్ళేలు తిన్నాడు, వంట బాగుందన్నాడు. పాపం అనుకున్నాను, కానీ తెల్లవారితే జరగబోయేది చెప్పలేదు.

తెల్లవారుతుండగా మా మగవాళ్ళు నా వంటింట్లో చేరారు. నా మొగుడు ఈనాక్ పొయ్యి గొట్టంలోంచి మసి గీకాడు. నేను పంది కొవ్వు ఇచ్చాను. రెండూ కలిపి మొహాలకి, మెడలకి, చేతులకి పట్టించుకున్నారు, ఎవరూ గుర్తుపట్టకుండా. ఆ వేళకి ప్రైమస్ చెక్కల మోపుతో లోపలికి వచ్చి, మోపు దింపకుండా అలాగే నిలబడిపోయాడు. తన రంగు పూసుకుని ఊరి పెద్దలంతా వరసగా నిలబడితే ఎవరికైనా నోరు ఊరుకోదు కదా.

"దొరగారూ, ఇలాగే రేవులో నిలబడండి. మంచి ధర పలుకుతారు" అన్నాడు.

థర్లోగారు లాగి చెంప మీద కొట్టారు. వాడి చెంప మీద మసి వేళ్ళు పడ్డాయి, పడినా కనబడలేదు. "నువ్వు ఇందులోకి రావద్దు. ఇది స్వతంత్రుల పని. పోయి పై బీట్లో ఎద్దుల్ని చూసుకో" అన్నారాయన. వాడు పోయాడు. అప్పటి నుంచి పొద్దెక్కేదాకా వాడు పై బీట్లోనే ఉన్నాడు. ఆ సంగతి ఆ వంటింట్లో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు.

తరువాత జరిగింది మెట్ల మీద నిలబడి చూశాను. షరీఫుని మంచం మీంచి ఈడ్చి, మొహం నేలకి పెట్టి, దుంగకో దెబ్బ చొప్పున బెత్తాలతో కొట్టారు. ప్రతి దెబ్బకీ "ఇది మా చెమట" అని ఒకరు, "ఇది మా సమ్మతి" అని ఒకరు అరిచారు. పుస్తకం మాటలు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ మనిషి అమ్మా అని ఏడ్చాడు. అది చాలక, వాకిట్లో కట్టేసిన అతని గుర్రానికి చెవులు కోసేశారు. గుర్రం రాజుగారి చెట్లు కొలవలేదు, ఎవరి మీదా పన్ను వేయలేదు. దాని అరుపుకి నా కోళ్ళు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు. అప్పుడు ఎవరైనా ఆపారా అంటే లేదు. నవ్వుతూ ఆ గుర్రం మీదే షరీఫుని ఎక్కించి తోలారు.

పంది కొవ్వుతో కలిసిన మసి అంత తేలిగ్గా వదలదు. బూడిదనీళ్ళ సబ్బుతో తోమీ తోమీ నా చేతులు పగిలాయి. ఆ ఆదివారం మందిరంలో వెనక బల్ల మీద కూర్చుని చూస్తే, ఒక్కొక్క పెద్దమనిషికీ చెవుల వెనక బూడిద రంగు చార కనబడుతోంది. పై నుంచి ప్రైమస్‌కి ఇంకా బాగా కనబడి ఉంటుంది. కీర్తన మధ్యలో వాడికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదు.

పది రోజులు తిరక్కుండా గవర్నరు సిపాయిల్ని పంపాడు. షరీఫు ప్రమాణం చేసి చెప్పగలిగింది ఒక్కటే. కొట్టినవాళ్ళ మొహాలు నల్లగా ఉన్నాయి, వాళ్ళకి ముందు నిలబడినవాడు పొడుగ్గా ఉన్నాడు. థర్లోగారు పొడుగు. ఆ ముందున్న మనిషిని అప్పజెప్పండి, లేకపోతే మిల్లుకి తాళం, ఊరి మగవాళ్ళందరికీ సంకెళ్ళు అని సిపాయిల నాయకుడు చెప్పిపోయాడు. మళ్ళీ అందరూ నా సావిట్లో చేరారు. ఎవరూ ఎవరి మొహం చూసుకోవడం లేదు. కమ్మరి జాబెజ్ టట్ల్ రమ్ము గిన్నె కింద పెట్టి, "నల్ల మొహం, పొడుగు మనిషి. అలాంటివాడు మనకి ఒకడున్నాడు కదా. మసి కూడా అక్కర్లేదు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోయేసరికి అది ఆలోచన అయి కూర్చుంది.

ప్రైమస్‌ని పిలిపించారు. పిలిపించి, నా ఇంట్లో మొట్టమొదటిసారిగా వాడికి కుర్చీ వేశారు. మాట్లాడింది పాస్టరుగారు.

"ప్రైమస్, నిన్ను ఎవరూ బలవంతం చేయడం లేదు. సమ్మతి లేకుండా ఎవరినీ కట్టడి చేయకూడదని నేను ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను."

"చెప్పారండి."

"కోర్టులో నేనే ముందున్నానని నువ్వు ఒప్పుకుంటే కొన్ని కొరడా దెబ్బలు పడతాయి. అంతే. మాలో ఎవరైనా అయితే జైలు, ఆస్తి జప్తు. పిల్లలు వీధిన పడతారు."

"అవునండి. నాకు జప్తు చేయడానికి ఏమీ లేదు."

థర్లోగారు అందుకున్నారు. "నువ్వు తిరిగొచ్చిన రోజే నీకు విడుదల ఇచ్చేస్తాను. నా మాట."

ప్రైమస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దాని అంచు దువ్వుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి వద్దని తల ఊపుతూనే ఉన్నాను. వాడు చూశాడో లేదో మరి. "మాట ఒక్కటే చాలదండి, దొరగారూ. మందిరంలో చెప్పండి, అందరి ముందూ. సంఘమంతా చేతులెత్తి ఒప్పుకోవాలి. ఈ ఊళ్ళో చేతులెత్తి ఒప్పుకున్నది తప్పిందని నేను వినలేదు" అన్నాడు.

అది నిజమే. కంచె ఎంత ఎత్తుండాలో, వంతెన ఎవరు బాగు చెయ్యాలో, పాస్టరుకి ఎన్ని కట్టెలివ్వాలో అన్నీ మా ఊళ్ళో చేతులెత్తే తేలుస్తారు. ఎత్తిన చెయ్యి మా ఊళ్ళో ప్రమాణం కన్నా గట్టిది. ప్రైమస్ పెరిగింది వేరే చోట అయితే, కాగితం మీద రాసి సంతకం పెట్టమనేవాడు. వాడు మా ఊరివాడు. అందుకే చేతుల్ని నమ్మాడు.

ఆదివారం థర్లోగారు లేచి, దేవుడి ఎదుట విడుదల మాట చెప్పారు. "ఒప్పుకునేవారు చేతులెత్తండి" అన్నారు పాస్టరుగారు. మగవాళ్ళ బల్లల మీద చేతులన్నీ లేచాయి. ఈనాక్ అయితే రెండు చేతులూ ఎత్తాడు. పైన బల్ల మీద ప్రైమస్ నిలబడి ఆ చేతుల వైపు చూస్తున్నాడు. వాడి మొహం అలా వెలగడం నేను మరెప్పుడూ చూడలేదు.

కోర్టుకి ఊరంతా తరలివెళ్ళింది, తిరణాలకి వెళ్ళినట్టు. జడ్జీగారు సరదా మనిషి. "ఇది మసా, సొంత రంగా? తేల్చండి" అని తడిగుడ్డ తెప్పించి, ప్రైమస్ మొహం తుడిపించారు. గుడ్డ తెల్లగానే ఉంది. కోర్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. మా వాళ్ళు అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆ గుడ్డతో ఏ ఒక్కడి చెవి వెనక తుడిచినా నవ్వు ఆగిపోయేది. ప్రైమస్‌కి అది తెలుసు. గుడ్డ పట్టుకున్న బంట్రోతు వైపు చూశాడు, మా వాళ్ళ వైపు చూశాడు. నోరు విప్పి, "నేనేనండి" అన్నాడు.

కొరడా తానే పట్టుకుంటానని షరీఫు అడిగాడు. జడ్జీగారు సరేనన్నారు. దెబ్బలన్నీ ఒకే చోట, కుడి భుజం మీద, ఒకదాని మీద ఒకటి పడేటట్టు వేశాడు. అయిపోయిందనుకున్నాక, "గుర్రానికి బాకీ ఉంది" అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు కొందరు వెళ్ళిపోయారు. నేను పోలేదు. ప్రైమస్ పాస్టరుగారి ప్రసంగం నోట్లో నోట్లో ముక్కుతో చదువుకుంటున్నాడు. 'ఎవడూ' అనే మాట దాకా వచ్చి, మళ్ళీ మొదటికి పోతున్నాడు. అది కూడా కొంతసేపే.

బండిలో బోర్లా పడుకోబెట్టి తెచ్చారు. నా వెనక గదిలో పడేశారు, మిల్లులో అయితే రంపపు పొట్టు పుండ్లలో పడుతుందని. తేనె, వెన్న కలిపి రాశాను. పుండు మానింది, భుజం మానలేదు. కుడి చెయ్యి మోచేతికన్నా పైకి లేవదు. ఒకరోజు టోపీ ఎడమ చేత్తో పెట్టుకుంటూ అడిగాడు.

"పెద్దయ్యగారు నా సంగతి ఏమైనా అన్నారా అండీ?"

"ఊరి సభ కానీ అంటున్నారట."

"మందిరంలో అయిపోయింది కదా. మళ్ళీ సభ ఎందుకు?"

నాకు తెలియక కాదు, లేచి వెళ్ళి పొయ్యిలో చెక్క ఎగదోశాను.

మందిరంలో చలిగా ఉందని సభని నా సావిట్లోనే పెట్టారు. ఆడవాళ్ళకి సభలో చోటు లేదు, రమ్ము పోసేవాళ్ళకి తప్ప. నేను కూజా పట్టుకుని తిరుగుతున్నాను. ప్రైమస్ తలుపు పక్కన, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. వంతెన అయింది, పందుల దొడ్డి అయింది. అప్పుడు థర్లోగారు లేచారు.

"నేను మాట తప్పేవాణ్ణి కాదు" అన్నారు. "ప్రైమస్‌ని ఈ క్షణమే విడిచిపెడతాను. కాకపోతే చట్టం మీకు తెలుసు. విడుదలైనవాడు పని చేసుకోలేకపోతే వాడి తిండీ బట్టా ఊరి మీద పడుతుంది. వాడి చెయ్యి చూశారుగా. ఆ ఖర్చు బతికినంతకాలం మీ పన్నుల్లోంచి పోవాలి. మీ సమ్మతి లేకుండా మీ నెత్తిన ఆ భారం పెట్టడానికి నాకేం హక్కుంది? మనం రాజుగారితో పోట్లాడింది దీని కోసమే కదా?"

అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "సూత్రం ప్రకారం పెద్దగారు చెప్పింది కాదనలేం" అన్నారు. అన్ని పుస్తకాలు చదివినందుకు ఆ పాటి ఉపయోగం ఉండాలి కదా.

"దొరగారూ" అన్నాడు ప్రైమస్ తలుపు దగ్గర నుంచి. "ఈ చెయ్యి మీ కోసం పోయింది."

"సభలో మాట్లాడే హక్కు ఊరివాళ్ళకే" అన్నాడు కమ్మరి జాబెజ్.

"అందరూ చేతులెత్తారు కదండీ. నేను చూశాను."

"అది మందిరం. ఇది సభ" అన్నారు థర్లోగారు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "దేవుడి ఎదుట నేను ఒప్పుకున్నాను, వాళ్ళు సంతోషించారు. ఖర్చు సంగతి అక్కడ రాలేదు. సరే, ప్రైమస్ భారం ఊరు మొయ్యడానికి ఒప్పుకునేవారు చేతులెత్తండి."

ఒకడు గోళ్ళు చూసుకున్నాడు, ఒకడు గొట్టంలో పొగాకు కూరుకున్నాడు. నేను నా మొగుడి వైపు చూశాను. ఈనాక్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. ప్రైమస్ ఒక్కొక్కరినీ చూస్తూ వస్తున్నాడు, ఆ వరస నుంచి ఈ వరస దాకా. వాడి కళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి నాకేమైందో తెలియదు. చెయ్యి పైకెత్తాను. కూజా పట్టుకున్న చెయ్యే. రమ్ము నా మోచేతి మీదుగా కారి జాబెజ్ మెడ మీద పడింది.

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తరువాత సావిడంతా ఘొల్లుమంది. "ఈనాక్, నీ పెళ్ళానికి ఓటు కావాలట, ఇచ్చెయ్యరాదూ" అన్నాడొకడు.

"దించవే" అన్నాడు ఈనాక్ పళ్ళ బిగువున.

"దించను. లెక్కపెట్టమను."

"దించుతావా, నన్ను లేవమంటావా?"

థర్లోగారు నవ్వు తుడుచుకుని సావిడి మొత్తం కలయజూశారు. నా చెయ్యి ఆయన కళ్ళ ముందే ఉంది. "ఒక్క చెయ్యీ లేవలేదు" అని ప్రకటించారు. ఈనాక్ లేచి వచ్చి కూజా లాక్కున్నాడు. అందరికీ తానే పోశాడు.

ఆ సాయంత్రం నేను ఈనాక్‌ని నిలదీశాను. "మందిరంలో రెండు చేతులెత్తావు కదయ్యా. అవి ఏమయ్యాయి?" అంటే, "అప్పుడు భయమేసింది. ఇప్పుడు లేదు" అన్నాడు. నా మొగుడు జీవితంలో చెప్పిన నిజం అదొక్కటే. ఆ తరువాత వాడితో అవసరానికి మించి నేను మాట్లాడలేదు. వాడికి ఆ తేడా తెలిసినట్టు కూడా లేదు.

రంపం తొయ్యలేని బానిస మిల్లుకి బరువు. అమ్ముదామంటే ఇక్కడ ఎవరు కొంటారు? అందుకని థర్లోగారు పలకల ఓడవాడితో బేరం కుదుర్చుకున్నారు. మా పైను పలకలు దక్షిణాన చెరుకు పండే చక్కెర ద్వీపాలకి పోతాయి, అక్కడి బెల్లప్పాకం మాకు వస్తుంది, దాంతో రమ్ము కాస్తారు. ఈ పలకలతో పాటు ప్రైమస్ కూడా. పలకలకి బదులు వచ్చినవాడు పలకలతోనే పోతున్నాడు. చక్కెర ద్వీపంలో చెయ్యి పనికిరానివాణ్ణి ఏం చేస్తారని నేను అడిగితే, "అది కొన్నవాడి ఇష్టం" అన్నారాయన. కొన్నవాడికి సొంత సొత్తు మీద పూర్తి హక్కు ఉంటుందని కూడా చెప్పారు. అది కూడా ఏదో పుస్తకంలోదే అయి ఉంటుంది.

ఓడ బయలుదేరే రోజు పొద్దున్నే బండి నా ఇంటి వెనక ఆగింది. పారిపోకుండా ప్రైమస్ నడుముకి తాడు కట్టి, రెండో కొస బండికి ముడివేశారు. నేను ఆపిల్ సారాయి గిన్నె తెచ్చి ఇచ్చాను. వాడు ఎప్పటిలాగే గడప మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో గిన్నె పట్టుకున్నాడు, టోపీ పక్కన పెట్టుకున్నాడు.

"ఒరే ప్రైమస్, లే" అని కేకేశారు థర్లోగారు బండి మీద నుంచి.

వాడు గిన్నెలోకి చూస్తూ ఒక గుక్క తాగాడు. తాపీగా, అందరికీ వినబడేటట్టు, "ఉండండి, వస్తా" అన్నాడు.

ఇంకో గుక్క తాగాడు. థర్లోగారు బండివాడికి సైగ చేశారు. బండివాడు ఎద్దుల్ని అదిలించాడు. తాడు బిగిసింది. గిన్నె ఎగిరి రాయి మీద పడి పగిలింది. వాడు గడప మీంచి మట్టిలోకి, మట్టిలో బోర్లా కొంతదూరం అలాగే పోయాడు. లేచి నిలబడే దాకా బండి ఆపలేదు. బండి మీద ఎవరో "వచ్చావుగా" అన్నారు. టోపీ నా గడప మీదే ఉండిపోయింది. నేను దాన్ని పట్టుకుని బండి వెనక పరిగెత్తాను. థర్లోగారు చెయ్యి చాచి తీసుకుని, "నాదే" అని తన పక్కన పెట్టుకున్నారు.

ఓడ మళ్ళీ వచ్చినప్పుడు ఓడవాడిని అడిగాను. ఒంటిచేతివాణ్ణి చెరుకు గానుగ దగ్గర పెట్టారట, గడలు అందించడానికి. గానుగలో రెండో చెయ్యి కూడా పోయిందట. తరువాత సంగతి అతనికి తెలియదన్నాడు. అతను తెచ్చిన పాకం పీపా ఒకటి థర్లోగారు నా ఇంటికి కానుకగా పంపారు, ఊరి మేలు కోరి. ఈనాక్ సంతోషంగా దింపుకున్నాడు.

ఇప్పుడు రాజు లేడు, షరీఫు లేడు. రాజుగారితో యుద్ధం అయింది, గెలిచాం. మనుషులందరూ సమానంగా పుట్టారని పాస్టరుగారు ఇంకా చెబుతున్నారు, కాకపోతే ముక్కు కొంచెం ఎక్కువైంది. ఈనాక్ పోయాడు. థర్లోగారు ముసలివాడై, మందిరంలో ముందు బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. మొన్న ఏప్రిల్లో ఆయనతో సహా అందరూ నా సావిట్లో చేరారు. ఆనాటికి పుట్టనివాళ్ళు కూడా మొహాలకి మసి పూసుకుని వచ్చారు. ఆ పొద్దుటి వీరగాథ ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకుంటున్నాడు. నేను కూజాతో మధ్యలో నిలబడి అడిగాను.

"ఇంతకీ ఆ పొద్దున షరీఫుని కొట్టినప్పుడు ఇక్కడ ఉన్నది ఎవరెవరు? ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

జాబెజ్ ఎత్తాడు. అతని తమ్ముళ్ళు ఎత్తారు. ఆ రోజు మంచంలో జ్వరంతో పడి ఉన్నవాడు ఎత్తాడు, ఆ ఏడు ఇంకా వేరే ఊళ్ళో ఉన్నవాడూ ఎత్తాడు. థర్లోగారు దుప్పటిలోంచి ముడతలు పడ్డ చెయ్యి బయటికి తీసి, అందరికన్నా పైకి ఎత్తారు. కూర్చుని ఎత్తితే కనబడదేమోనని లేచి నిలబడి మరీ ఎత్తారు.

నేను ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ వచ్చాను, తలుపు దగ్గర నుంచి వాడు చూసినట్టే. మా ఊళ్ళో ఇన్ని చేతులున్నాయి.